బసలే బడులైన బాటసారి: సోమర్సెట్ మామ్

ఇల్లు విడిచి దేశాంతరం పోయినవానికి మంచి బస దొరకటం ఒక అదృష్టం. ఆ బసలో తన పేరు ప్రతిష్ఠలను మరచి, ఎవరికీ తెలియనివానిగా ఒక మూల కూర్చోగలగటం అంతకంటె గొప్ప అదృష్టం. ఈ రెండవ అదృష్టాన్ని జీవితమంతా వెదకుకొన్న రచయిత సోమర్సెట్ మామ్. ఆసియాఖండంలోని పాత హోటళ్లను గురించి ఎవరు ముచ్చటించినా నేటికీ అతని పేరు తలవక మానరు.

మామ్ 1874 జనవరి 25న పారిస్ నగరంలోని బ్రిటిష్ రాయబార కార్యాలయంలో జన్మించాడు. ఎనిమిదేండ్ల వయస్సులో తల్లి క్షయవ్యాధితో మరణించింది. మరి రెండేండ్లకు తండ్రియు పోయాడు. అనాథ అయిన ఆ బాలుని ఇంగ్లండులోని విట్‌స్టబుల్‌లో మతాచార్యుడుగా ఉన్న తండ్రి సోదరుని ఇంటికి చేర్చారు. ఫ్రెంచి పలుకుల నడుమ పెరిగిన బాలునికి ఇంగ్లీషు తడబడేది. దానికి తోడు నత్తి. బడిలో ఎగతాళి తప్పలేదు. నోరు విప్పటానికి వెరచిన ఆ బాలుడు ఇతరుల మాటలను శ్రద్ధగా వినటం నేర్చుకొన్నాడు. ఆ లోపమే తరువాత అతనికి పెట్టుబడి అయింది.

లండనులో వైద్యవిద్య ముగించినప్పటికీ మామ్ వైద్యవృత్తి చేపట్టలేదు. 1897లో వెలువడిన మొదటి నవల అతనిని రచనవైపు త్రిప్పింది. నాటకాలు ధనాన్ని, 1915 నాటి ఆత్మకథాత్మక నవల కీర్తిని తెచ్చిపెట్టాయి. 1916 నుండి దూరప్రయాణాలు ప్రారంభమైనాయి. నత్తి కారణంగా క్రొత్తవారిని పలుకరించలేని మామ్‌కు జెరాల్డ్ హాక్స్‌టన్ అనే సహచరుడు తోడైనాడు. అతడు పదిమందితో స్నేహం చేసి కబుర్లు రాబట్టేవాడు. మామ్ వాటిని కథలుగా మలిచేవాడు.

1921లో మామ్ సింగపూరు చేరాడు. అక్కడి రాఫిల్స్ హోటలును ఇరాను దేశపు ఇస్ఫహాను ప్రాంతం నుండి వచ్చిన సార్కీస్ సోదరులనే ఆర్మీనియనులు 1887లో ప్రారంభించారు. పెనాంగులోని ఈస్టర్న్ అండ్ ఓరియంటల్, రంగూనులోని స్ట్రాండ్ హోటళ్లు కూడ ఆ కుటుంబం నెలకొల్పినవే. రబ్బరు తోటల యజమానులు, దొరతనపు ఉద్యోగులు, ఓడల అధికారులు ఇటువంటి చోట్ల కలుసుకొనేవారు. భోజనానంతరం వసారాలో అపరిచితునితో మనస్సు విప్పటం సులభం. తెల్లవారితే అతడు ఓడ ఎక్కి వెళ్లిపోతాడు గదా! అట్లా విన్న మాటలు మలయా కథలలో కనబడినప్పుడు అక్కడి ఆంగ్లేయులు తమ విశ్వాసం వమ్మయిందని మండిపడ్డారు. ఆతిథ్యం పుచ్చుకొన్నవాడు ఆతిథేయుల గుట్టు బయటపెట్టవచ్చునా అన్న ప్రశ్న మామ్‌ను చివరివరకు వదలలేదు.

మరొక లోపమూ ఉన్నది. అతని కథలలో బల్ల చుట్టూ కూర్చున్న దొరల అంతరంగాలు విప్పారినంతగా, ఆ బల్లమీద పళ్లెం ఉంచిన సేవకుని అంతరంగం విప్పారదు. మామ్ రంగూనులో దిగిన కాలంలో ఆ రేవులో బరువులు మోసినవారిలో మన తెలుగు కూలీలు అసంఖ్యాకులు. వారి కథ వ్రాసే పని అతడు చేపట్టలేదు.

1922 చివర ప్రారంభమైన ఆ యాత్రలో మామ్ ఐరావతీ నదిమీదుగా మాండలే చేరి, షాన్ రాష్ట్రాలలో వారాల తరబడి గుర్రంపై ప్రయాణించి, అడవుల నడుమ ప్రయాణికుల బంగళాలలో రాత్రులు గడిపాడు. సయాం రాజధాని బాంగ్‌కాక్ చేరేసరికి మలేరియా పట్టుకొన్నది. ఓరియంటల్ హోటలు గదిలో జ్వరం నూట అయిదు డిగ్రీలకు ఎక్కింది. ఈ రోగి ఇక్కడ మరణిస్తే వ్యాపారం దెబ్బతింటుందని హోటలు నడిపే ఆమె వైద్యునితో చెప్పుతూండగా, ఆ మాటలు మంచం మీది రోగి చెవిని పడ్డాయి. అతడు బ్రతికి బట్టకట్టాడు. ఆ సంగతిని ద్వేషం లేకుండా, నవ్వుతూ గ్రంథస్థం చేశాడు. 1930లో వెలువడిన ఆ యాత్రాగ్రంథానికి పేరు హాజ్లిట్ వ్యాసం నుండి గ్రహించినది. సత్రంలో ప్రయాణికుడు పేరు కోల్పోయి, కేవలం ముందుగదిలోని పెద్దమనిషిగా మిగలటంలోని స్వేచ్ఛయే దాని భావం.

1938లో మామ్ భారతదేశానికి వచ్చి తిరువణ్ణామలైలో రమణ మహర్షిని దర్శించాడు. అక్కడ వేచి ఉన్న సమయంలో అతడు స్పృహతప్పాడు. మహర్షి స్వయంగా వచ్చి అతని చెంత మౌనంగా కూర్చున్నారు. ఎన్నో హోటళ్లలో మాటలు సేకరించిన మనిషికి, ఈ నిరాడంబరమైన బసలో దొరికినది మౌనం. 1944 నాటి అతని నవలలోని భారతీయ యోగి పాత్రకు ఆ దర్శనమే మూలమైనది.

1947లో మామ్ యువరచయితల కొరకు ఒక బహుమతిని స్థాపించాడు; ఆ ధనాన్ని విదేశయాత్రకే వినియోగించాలని నియమం పెట్టాడు. బడి నేర్పనిది బాట నేర్పుతుందన్న విశ్వాసం అందులో కనిపిస్తుంది. 1965 డిసెంబరు 16న ఫ్రాన్సులోని నీస్ నగరంలో అతడు కన్నుమూశాడు.

రాఫిల్స్ హోటలును సింగపూరు ప్రభుత్వం 1987లో జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఎవని మరణానికి ఒకనాడు జంకిందో ఆ ఓరియంటల్ హోటలే అతని పేరిట గదులను అలంకరించింది. పాత హోటలుకు విలువ తెచ్చేది పాలరాయి నేల కాదు, టేకు మెట్లు కాదు. అక్కడ ఒక రాత్రి ఒక మనిషి మరొక మనిషికి చెప్పుకొన్న మాట. ఆ మాటను విన్న చెవి గొప్పది. ఐతే ఆ చెవికి పళ్లెం మోసినవాని మాట కూడ సోకి ఉంటే, అది ఇంకను గొప్పదై ఉండేది.