రాబర్టు జాన్ లెక్మియర్ గప్పీ

ఒక మనుష్యుని జీవితకాలపు పరిశ్రమ యంతయు మఱుగుపడి, ఆయన యొకనాడు చేసిన చిన్నపని మాత్రము లోకమున నిలిచిపోవుట కలదు. గాజుతొట్టిలో రంగుచేపలను పెంచు బాలబాలికలకు గప్పీ యను పేరు క్రొత్తది కాదు. కాని గ్రుడ్లు పెట్టక పిల్లలనే కను నీ చిఱుచేపకు ఆ పేరెట్లు వచ్చినదో యెఱిగినవారు కొలదిమందియే. అది యొక మనుష్యుని పేరు. ఆయన పాఠశాలల తనిఖీ యధికారి యగుటచే ఆయన చరిత్రము విద్యార్థులకును, ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును తెలియదగియున్నది.

రాబర్టు జాన్ లెక్మియర్ గప్పీ 1836వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. తల్లి చిత్రలేఖనమునందు నేర్పరి. వారు వెస్టిండీసు దీవులలోని ట్రినిడాడునకు పోయి స్థిరపడగా, బాలుడు ఇంగ్లండులోని కిన్నర్స్‌లీ యను పురాతనమైన కోటలో మాతామహుని సంరక్షణమున పెరిగెను. యౌవనమున ఆయన సుఖవాసమును విడిచి సముద్రయానమునకు బయలుదేఱెను. 1856లో న్యూజీలండు తీరమున ఓడ పగిలిపోయెను. ప్రాణములతో బయటపడి, ఆ దేశపు మూలవాసులగు మావోరీల నడుమ సుమారు రెండేండ్లు నివసించి, పిమ్మట ట్రినిడాడునందున్న తలిదండ్రులను చేరుకొనెను.

ఆ దీవియందే ఆయన గృహస్థుడై, ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి, పాఠశాలల ముఖ్య తనిఖీ యధికారి యయ్యెను. ఉద్యోగము జీవనోపాధి; ప్రకృతిశాస్త్రము ఆయన హృదయమునకు ప్రియమైనది. ఏ విశ్వవిద్యాలయమునందును శాస్త్రవిద్య నభ్యసింపకున్నను, రాళ్లలో నిక్షిప్తములైన ప్రాచీనకాలపు గవ్వలను, నత్తగుల్లలను ఏఱి, పోల్చి, వర్ణించి వ్యాసములు వ్రాసెను. వెస్టిండీసుల శిలాజములను గూర్చి ఆయన చేసిన పరిశోధనమును ఆ కాలపు పండితులు గౌరవించిరి. ఆయన తన కీర్తికి ఆధారముగ దేనినైన తలంచియుండినచో, అది యీ శిలాజ పరిశోధనమే యైయుండును గాని చేప కాదు.

అయినను చేపయే ఆయన పేరును నిలిపినది. ట్రినిడాడు సెలయేళ్లలోని చిఱుచేపలను కొన్నింటిని ఆయన లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు పంపెను. అచ్చటి మత్స్యశాస్త్రవేత్త ఆల్బర్టు గుంథర్ 1866లో వానిని పరీక్షించి, క్రొత్త జాతి యని తలంచి, పంపినవాని గౌరవార్థము గిరార్డినస్ గప్పియై యని పేరిడెను. అయితే యా జాతిని విల్హెల్మ్ పీటర్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెనిజులా దేశపు చేపలను చూచి 1859లోనే వర్ణించి, పిసీలియా రెటిక్యులేటా యని పిలిచియుండెను. ముందిడిన పేరే చెల్లవలెనన్నది శాస్త్రనియమము. కావున గ్రంథములనుండి గప్పీ పేరు తొలగిపోయెను. చేపలు పెంచువారి నోట మాత్రము నిలిచిపోయెను. ఆయనయే యీ చేపను మొట్టమొదట కనుగొనెనని కొందఱు చెప్పుట సత్యము కాదు. కంటబడిన యల్పజీవిని తృణీకరింపక, పరీక్షింపగలవారికి శ్రద్ధతో పంపుటయే ఆయన చేసిన పని.

ఈ చేపను పెంచుట కష్టము కాదు. మగది అంగుళమునకు కొంచెము మించియుండును. తోకపై ఎఱుపు, నీలము, పసుపు వన్నెలు మెఱయును. ఆడుది అంతకంటె పెద్దది, బూడిదవన్నెది. సుమారు నాలుగు వారములు గర్భము మోసి, ఈదగల పిల్లలను పదులకొలది కనును. ఒకసారి మగదానితో కూడిన ఆడుచేప, పిమ్మట మగచేప లేకున్నను, కొన్ని మాసములవఱకు మరల మరల పిల్లలను కనగలదు. పిల్లలను తల్లియే మ్రింగుట కలదు. కావున తొట్టిలో నీటిమొక్కలను దట్టముగ నుంచిన పిల్లలకు దాగుచోటు దొరకును.

ఈ చేప వినోదమునకు మాత్రమే గాక ఆరోగ్యరక్షణమునకును పిలువబడినది. 1897 ఆగష్టు 20వ తేదీన మన తెలుగునేలయందలి సికిందరాబాదులో రోనాల్డు రాస్ వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతట దోమలను నీటిలో పురుగులుగ నున్నప్పుడే నశింపజేయు నుపాయములు వెదకబడెను. గప్పీలు ఆ పురుగులను తినును గనుక 1908లో అవి భారతదేశమునకు తేబడెను; పిల్లలను కను మఱియొక చేపయగు గంబూసియా 1928లో వచ్చెను. చింతపల్లి మన్యమునకు వాకిలివంటి నర్సీపట్నమున నివసించు మనకు మన్యపు చలిజ్వరమనిన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. బావిలో విడిచిన చేప యొక కుటుంబమును జ్వరమునుండి కాపాడుటకు తోడ్పడవచ్చును.

కాని యొక హెచ్చరిక వినవలెను. వేఱు దేశముల వాగులలో విడువబడిన గప్పీలు మితిలేక వృద్ధిచెంది, ఆయా నీళ్లకు సహజములైన చేపల గ్రుడ్లను, పిల్లలను తినివేసి కీడు చేసినవి. మన చెఱువులలో పుట్టిన చిఱుచేపలలోను దోమపురుగులను తినునవి కలవు. కావున పిల్లలు తొట్టిలో హెచ్చిన చేపలను తోటివిద్యార్థుల కీయవలెను గాని, వరాహనదిలోనో, ఊరిచెఱువులోనో పోయరాదు.

గప్పీ 1916 ఆగష్టు 5వ తేదీన, ఎనుబది యేండ్లు నిండుటకు పదిదినములు మిగిలియుండగా, ట్రినిడాడునందే మరణించెను. చేపలు పెంచువారు ఆయన పేరును ప్రతిదినము పలుకుచున్నారు. ఆయన శ్రద్ధతో ఏఱిన గవ్వలను తలంచువారు అరుదు. ఎట్టి పని తనకు పేరు తెచ్చునో మనుష్యుడు ముందుగ నెఱుగడు. కావున చేతికి వచ్చిన ప్రతి చిన్నపనిని నిజాయితీతో చేయుటయే మనవంతు. తనిఖీకి తిరుగుచు దారిలోని రాయిని, నీటిలోని చేపను శ్రద్ధతో చూచిన యీ యుద్యోగి జీవితము మనకు నేర్పు పాఠమిదియే.