కట్టమంచి విద్యార్థి జీవితం

మార్గశిర మాసం వచ్చిందంటే బంగారుపాళ్యం పరిసరాలు మంచుతెరలో మునుగుతాయి. పడమటి దిక్కున ఉన్న మొగిలి కొండలు పొద్దెక్కేదాకా కంటికి కనిపించవు. చెరకు గానుగల వద్ద బెల్లం వండే పొయ్యిలు రాజుకుంటాయి. ఇంటింటా అనపగింజల పితికిపప్పు ఘుమఘుమలాడుతుంది. ఈశాన్య ఋతుపవనాల వర్షాలు సకాలంలో కురిస్తే చెరువులు నిండి మొరవ పోతాయి. ఆ చలి వేకువల్లో పుస్తకాల సంచి భుజాన వేసుకొని విద్యార్థులు చిత్తూరు బాట పడతారు. ఆ బాట చేర్చే చిత్తూరు పట్టణాన్ని ఆనుకొని కట్టమంచి అనే గ్రామం ఉంది. ఆధునికాంధ్ర సాహిత్య విమర్శకు దారి చూపిన కట్టమంచి రామలింగారెడ్డి అటువంటి చలికాలంలోనే, 1880వ సంవత్సరం డిసెంబరు 10వ తేదీన, ఆ గ్రామంలో జన్మించారు.

ఆయన తల్లిదండ్రులు నారాయణమ్మ, సుబ్రహ్మణ్యరెడ్డి. వ్యవసాయ కుటుంబమైనా చదువుకు లోటులేని ఇల్లు అది. తండ్రి న్యాయవాది. నాటికి చిత్తూరు జిల్లా ఇంకా ఏర్పడలేదు. అది 1911లో ఏర్పడింది. అప్పటికి చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానం. కచేరీలలో ఆంగ్లం, వీధులలో తెలుగు, తమిళం వినిపించేవి. ఇన్ని భాషల నడుమ పెరిగిన బాలునికి మాట మీద మక్కువ కలగడంలో ఆశ్చర్యం లేదు.

రామలింగారెడ్డి అక్షరాభ్యాసం వీధిబడిలో జరిగింది. ఆ కాలపు వీధిబడులలో చదువు తెల్లవారకముందే మొదలయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులుగారు శ్రీకారం చుట్టేవారు. రెండవవానికి చుక్క దక్కేది. ఆ తరువాత వచ్చినవారికి వరుసను బట్టి బెత్తపు దెబ్బలు తప్పేవి కావు. చలికాలంలో దుప్పటి ముసుగు తీసి లేవడం పిల్లలకు ఎంత కష్టమో ఊహించవచ్చు. ఇసుకలో అక్షరాలు దిద్దడం, ఎక్కాలు వల్లె వేయడం, శతక పద్యాలు కంఠస్థం చేయడం ఆ చదువులోని భాగాలు. అర్థం తెలిసినా తెలియకపోయినా పద్యం నోటికి రావాలి. ఇట్లా నోటికి వచ్చిన పద్యమే చాలామందికి జీవితాంతం తోడుగా నిలిచింది. ఆ తరువాత రామలింగారెడ్డి చిత్తూరులోని ఉన్నత పాఠశాలలో చదివి, ఉన్నత విద్యకై మద్రాసు చేరారు.

నాడు మద్రాసు క్రైస్తవ కళాశాల దక్షిణ భారతంలోని పేరెన్నికగన్న విద్యాసంస్థలలో ఒకటి. ఇప్పుడు తాంబరంలో ఉన్న ఆ కళాశాల 1937 వరకు జార్జిటౌనులో, హైకోర్టుకు ఎదురుగా ఉండేది. విలియం మిల్లరు దానికి అధ్యక్షుడు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల విద్యార్థులు అక్కడ కలిసి చదివేవారు. పాఠాలన్నీ ఆంగ్లంలోనే సాగేవి. రామలింగారెడ్డికి చరిత్ర, తత్త్వశాస్త్రాల పట్ల అభిరుచి ఎక్కువ. పరీక్షల కొరకు చదవవలసిన గ్రంథాలు కుప్పలుగా ఉండేవి. అయినా తీరిక వేళలలో ఆయన మనస్సు తెలుగు కవిత్వం వైపే పరుగెత్తేది.

కళాశాలలో ఆంధ్రభాషాభిరంజని సమాజం అనే సంస్థ ఉండేది. అందులో చేరినందువల్ల పరీక్షలో ఒక మార్కు కూడా పెరగదు. తెలుగు మీది ప్రేమ ఒక్కటే విద్యార్థులను అక్కడికి నడిపించేది. 1899లో ఆ సమాజం కావ్యరచనలో పోటీ పెట్టింది. అప్పటికి రామలింగారెడ్డికి ఇరవై ఏండ్లయినా నిండలేదు. ఆయన ముసలమ్మ మరణం అనే కావ్యం వ్రాసి బహుమతి గెలుచుకొన్నారు. ఆ కావ్యం 1900లో అచ్చయింది.

ఈ కావ్యానికి ఎన్నుకొన్న వస్తువు గమనింపదగినది. అప్పటి కవులు సాధారణంగా పురాణాల నుండి కథను స్వీకరించేవారు. రాజులు, దేవతలు నాయకులుగా ఉండాలని, కావ్యం మంగళాంతం కావాలని నియమాలు ఉండేవి. ఈ విద్యార్థి మాత్రం సి.పి. బ్రౌను ప్రకటించిన అనంతపుర చరిత్రలోని ఒక చిన్న ఉదంతాన్ని తీసుకొన్నారు. అనంతపురం చెంత ఉన్న బుక్కరాయసముద్రం చెరువు వానలకు పొంగి, కట్ట తెగే స్థితి వచ్చింది. బసిరెడ్డి అనే రైతు కోడలైన ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని ఊరివారికి తెలిసింది. పేరుకు ముసలమ్మ అయినా ఆమె యువతి, బిడ్డ తల్లి. ఊరిని కాపాడటానికి ఆమె తనవారి వద్ద సెలవు తీసుకొని, తానుగా నడిచి వెళ్ళి నీటిలో లీనమయింది.

ఈ కథలోని భయం రాయలసీమ పిల్లలకు కొత్తది కాదు. ఇక్కడ జీవనదులు లేవు. ఊరి బ్రతుకు చెరువుతో ముడిపడి ఉంది. కార్తీక మార్గశిరాలలో తుపానులు వచ్చినప్పుడు పైచెరువు నిండి మొరవ పోతే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. ఒక కట్టకు గండి పడితే దాని కింది చెరువులకు కూడా ముప్పు తప్పదు. అందుకే వానాకాలపు రాత్రులలో రైతులు కట్ట మీద కాపలా ఉండి, తూములు పరిశీలించి, గండి పడే చోట మట్టి, కంప వేసి నిలబెట్టేవారు. కట్టమంచిలోనూ చెరువు ఉంది. పట్టణపు కళాశాలలో కూర్చొని ఆంగ్ల గ్రంథాలు చదువుతున్న యువకుడు, కావ్యం వ్రాయవలసి వచ్చినప్పుడు తన నేలకు తెలిసిన కష్టాన్నే తలచుకొన్నారు. ఒక సామాన్య రైతు ఇంటి కోడలు ఆయన కావ్యంలో నాయిక అయింది. ఆమె మరణంతో కథ విషాదాంతమయింది. ఛందస్సు పాతదే అయినా చూపు కొత్తది. అందుకే ఆధునిక తెలుగు కవిత్వానికి ఈ కావ్యం తొలి వెలుగు వంటిదని పలువురు విమర్శకులు భావించారు. ఊరిని నిలబెట్టడానికి ఒక స్త్రీ ప్రాణమే ఎందుకు కావలసి వచ్చిందని నేటి పాఠకుడు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్న కలగడం కూడా ఆ కావ్యం మిగిల్చిన దుఃఖం యొక్క ఫలమే.

పట్టభద్రుడైన రామలింగారెడ్డికి భారత ప్రభుత్వ విద్యార్థివేతనం లభించింది. 1902లో ఆయన ఇంగ్లండుకు పయనమై కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చేరారు. అది 1511లో స్థాపితమైన ప్రాచీన విద్యాలయం. ఆంగ్ల మహాకవి వర్డ్స్‌వర్త్ చదివినది అక్కడే. కళాశాల భవనాల నడుమ కామ్ నది ప్రవహిస్తుంది.

అక్కడి చలికాలం చిత్తూరు చలికాలం వంటిది కాదు. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు గంటలు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. తూర్పు నుండి వీచే గాలి ఎముకలు కొరుకుతుంది. గదిలో బొగ్గులపొయ్యి వెలిగించుకొని దాని చెంత పుస్తకం పట్టుకోవలసిందే. అక్కడి విద్యాసంవత్సరంలో అక్టోబరు నుండి మార్చి వరకు నడిచే రెండు విభాగాలు దాదాపు చలిలోనే గడుస్తాయి. చీకటి పడిన తరువాత వీధిలోకి వెళ్ళే విద్యార్థి కళాశాల అంగీ ధరించాలని నియమం ఉండేది. రాత్రి నిర్ణీత సమయానికి కళాశాల ద్వారాలు మూసివేసేవారు. దూరదేశం నుండి వెళ్ళిన వానికి ఆ దీర్ఘ రాత్రులు ఇంటి బెంగను పెంచుతాయి. వానిని సద్వినియోగం చేసుకొన్నవానికి అవే వరమవుతాయి.

కేంబ్రిడ్జి విద్యార్థుల సాయంకాలాలకు కేంద్రం యూనియన్ సొసైటీ. 1815లో ఏర్పడిన ఈ చర్చావేదికలో ఒక ప్రతిపాదనను కొందరు సమర్థిస్తారు, కొందరు వ్యతిరేకిస్తారు. చివరకు సభ్యులు ఓటు వేసి తీర్పు చెబుతారు. ఎదుటివాని వాదాన్ని ఆమూలాగ్రం వినాలి. కోపం తెచ్చుకోకుండా సమాధానం చెప్పాలి. సభను నవ్వించగలగాలి, ఆలోచింపజేయగలగాలి. బ్రిటిష్ పార్లమెంటులో పేరు పొందిన పలువురు తొలిపాఠాలు నేర్చుకొన్నది అక్కడే. పరాయి భాషలో, పాలకుల బిడ్డల నడుమ, పాలితదేశపు యువకుడు లేచి నిలబడి మాట్లాడటం సామాన్యం కాదు. రామలింగారెడ్డి తన వాక్చాతుర్యంతో, హాస్యంతో ఆ సభను మెప్పించారు. 1905లో ఆ యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఆ సంవత్సరం భారతదేశానికి పరీక్షాకాలం. బెంగాల్ విభజన అమలులోకి వచ్చి దేశమంతటా నిరసన పెల్లుబికింది. భారతీయుల పక్షాన మాట్లాడటానికి ఇంగ్లండు వెళ్ళిన గోపాలకృష్ణ గోఖలే కేంబ్రిడ్జిలో కూడా ప్రసంగించారు. విద్యార్థుల చర్చలకు, దేశ భవిష్యత్తుకు సంబంధం ఉన్నదని గ్రహించడానికి అంతకంటె మంచి అవకాశం లేదు. ఇష్టంతో చేపట్టిన వక్తృత్వం రామలింగారెడ్డికి ఈ విధంగా దేశసేవకు సాధనమయింది.

చదువు ముగించి స్వదేశం చేరిన రెడ్డిగారు కొంతకాలం బరోడాలో పనిచేశారు. తరువాత మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులయ్యారు. బంగారుపాళ్యం దాటి మొగిలి కనుమ ఎక్కితే మైసూరు పీఠభూమి మొదలవుతుంది. కట్టమంచి బిడ్డకు అది పొరుగునేల. అక్కడ విద్యాశాఖలో ఉన్నత పదవులు నిర్వహించి, విద్యావ్యాప్తికి కృషి చేసి, 1921లో ఆ ఉద్యోగానికి రాజీనామా చేశారు.

మైసూరులో ఉన్న కాలంలోనే విద్యార్థి దశలోని రెండు అభిరుచులు ఒక్కచోట కలిశాయి. మద్రాసులో కవిత్వం మీద కలిగిన ప్రేమ, కేంబ్రిడ్జిలో అలవడిన తర్కబుద్ధి కలిసి 1914లో కవిత్వతత్త్వ విచారముగా రూపొందాయి. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముఖ్యంగా పరిశీలిస్తూ రెడ్డిగారు అందులో కావ్యానికి ప్రాణమేదని విచారించారు. అలంకారాల ఆర్భాటం కంటె భావనాశక్తి, పాత్రపోషణ, కథలోని పొందిక ముఖ్యమన్నారు. పెద్దలు మెచ్చిన ప్రబంధాలలో సైతం లోపాలు చూపారు. పండితలోకంలో కలకలం రేగింది. ఆయన తీర్పులు కొన్ని మితిమీరిన కఠినత్వంతో ఉన్నాయన్న విమర్శ నేటికీ ఉంది. కాని తరతరాల మెప్పును అట్లే అంగీకరించక, కారణం అడిగి చూడాలన్న పద్ధతి తెలుగు విమర్శలో ఆ గ్రంథంతో బలపడింది. అర్థశాస్త్రాన్ని తెలుగులో వివరిస్తూ గ్రంథం వ్రాసి, ఆధునిక శాస్త్రాలకు మాతృభాష చాలునని కూడా ఆయన నిరూపించారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు రెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. బెజవాడలో ప్రారంభమైన ఆ సంస్థ అనంతరం వాల్తేరుకు తరలింది. దానిని తీర్చిదిద్దుతున్న వేళ, 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. సత్యాగ్రహులపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవికి రాజీనామా ఇచ్చారు. కన్నబిడ్డ వంటి సంస్థను విడిచిపోవడం సులభమైన పని కాదు. అయినా నమ్మిన మాటకు విలువ చెల్లించవలసి వచ్చినప్పుడు వెనుదీయలేదు. తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 వరకు ఆ పదవి నిర్వహించారు. 1936లో తిరిగి వచ్చిన రెడ్డిగారు 1949 వరకు కొనసాగారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విశాఖపట్నంపై బాంబులు పడగా విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ కష్టకాలంలోనూ చదువు ఆగిపోకుండా నడిపించారు. ఆజన్మ బ్రహ్మచారి అయిన ఆయన విద్యార్థులనే తన కుటుంబంగా భావించారు. 1951 ఫిబ్రవరి 24న, చలికాలం వెనుదిరిగే వేళ, ఆయన తుదిశ్వాస విడిచారు. ఏలూరులోని సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల ఆయన పేరును నిలుపుతున్నది.

రామలింగారెడ్డి గడించిన పట్టాలు, పదవులు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ పునాది విద్యార్థి దశలోని తీరిక వేళలలో పడింది. మార్కులకు అక్కరకు రాని ఒక తెలుగు సమాజంలో ఆయన కవి అయ్యారు. పాఠ్యప్రణాళికలో లేని ఒక చర్చావేదికపై వక్త అయ్యారు. మొదటిది తన నేలను మరువకుండా చేసింది. రెండవది లోకం ముందు తలయెత్తి నిలబడటం నేర్పింది. చలికాలపు దీర్ఘ రాత్రులు నేటి విద్యార్థులకూ వస్తాయి. పరీక్షలకు చదివిన తరువాత మిగిలిన ఘడియను దేనికి వెచ్చిస్తున్నారన్న దానిపై వారి రేపటి వ్యక్తిత్వం ఆధారపడి ఉంటుంది. కట్టమంచివారి జీవితం అందుకు చక్కని నిదర్శనం.