నామరూపముల అన్వేషకుడు - కర్నల్ కాలిన్ మెకంజీ

ప్రతి స్థలమునకు రూపమొకటి, నామమొకటి ఉండును. కొండ ఎంత ఎత్తున్నదో, వాగు ఎటు పారుచున్నదో, చెరువుకట్ట ఎచ్చట ముగియునో పటము చూపగలదు. ఆ కొండకు ఆ పేరెందుకు వచ్చినదో, ఆ చెరువును ఎవరు త్రవ్వించినారో పటము చెప్పలేదు; అది ఆ ఊరివారు చెప్పవలసినదే. ఈ రెండింటిని ఒక్కచోట చేర్చుటకు దక్షిణాపథమున జరిగిన మొదటి మహాప్రయత్నము కర్నల్ కాలిన్ మెకంజీది. కైఫియత్తుల సంగ్రాహకుడుగా అతని పేరు తెలుగు పండితలోకమునకు సుపరిచితమే. కాని అతని వృత్తి భూమిని కొలుచుట యనియు, కైఫియత్తులు ఆ కొలతపని వెంటనే పెరిగినవనియు తరచుగా మరచిపోవుచున్నాము. ఈ సంబంధమును జ్ఞాపకము చేసి, ఓరుగల్లు ప్రాంతచరిత్రకు అది ఎట్లు ఉపకరించునో నిరూపించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మెకంజీ 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపమున, స్టోర్నవే పట్టణములో జన్మించినాడు. యౌవనమున ఆ రేవులోనే సుంకముల శాఖలో ఉద్యోగము చేసినాడు. గణితమందు అతనికి చిన్ననాటినుండి అభిరుచి మెండు. లాగరిథములను కనుగొన్న జాన్ నేపియర్ జీవితచరిత్రను ఆ వంశీయుడైన ప్రభువొకడు వ్రాయదలచి, హిందువుల గణితవిద్యను గూర్చిన విషయములు సేకరించుటలో మెకంజీ సహాయము పొందినాడు. 1783లో కుంఫిణీ సైన్యోద్యోగిగా మద్రాసు చేరిన పిదప మధురలో ఆ కుటుంబీకుల ఇంట కొందరు బ్రాహ్మణపండితుల పరిచయము అతనికి కలిగినది. ఈ దేశపు విద్యలను, చరిత్రను ఇచ్చటి మూలములనుండియే సేకరింపవలెనను సంకల్పము అక్కడ అంకురించినది. అయితే తరువాతి పదమూడేండ్లు యుద్ధములతో, ప్రయాణములతో గడచిపోయినవి. దేశభాషలు అతనికి రావు. వాటిని తాను నేర్వలేకపోయినట్లు అతడే పిమ్మట అంగీకరించినాడు.

1792లో మూడవ మైసూరు యుద్ధము ముగిసిన తరువాత నిజాము రాజ్యమునందలి కుంఫిణీ దళముతో ఇంజనీరుగాను, సర్వేయరుగాను మెకంజీ నియుక్తుడైనాడు. అప్పటికి దక్కను మధ్యభాగమును గూర్చి ఇంగ్లీషువారికి ఉన్న పటములలో ఖాళీలే ఎక్కువ. నడుమ పుదుచ్చేరి, సింహళ దండయాత్రలు అడ్డము వచ్చినను పని వదలక, 1796 నాటికి నిజాము రాజ్యపు సాధారణ పటమునొకదానిని అతడు సిద్ధపరచి అధికారులకు సమర్పించినాడు. తెలంగాణమునకు సంబంధించిన ఆధునిక పటరచనకు ఆ కృషి తొలిమెట్లలో ఒకటి.

కొలతపనిలో ఉన్న ఒక ముఖ్యమైన చిక్కును ఇచ్చట గమనింపవలెను. చక్రమును దొర్లించి దూరమును కొలువవచ్చును. థియోడొలైటు యంత్రముతో కోణమును కొలువవచ్చును. పేరును కొలుచు యంత్రము మాత్రము లేదు. ఒకే కొండకు తూర్పు ఊరివారు ఒక పేరు, పడమటి ఊరివారు మరొక పేరు చెప్పుదురు. సర్కారు కాగితములలో మూడవ పేరు ఉండును. దేశభాష ఎరిగినవాడు ప్రక్కన లేనిదే పటముపై ఒక్క అక్షరమైనను నిలువదు. మెకంజీకి అట్టి సహాయుడు 1796లో లభించినాడు. అతడే కావలి వెంకట బొర్రయ్య.

ఏలూరి కావలివారు నియోగిబ్రాహ్మణులు. బొర్రయ్య ఆనాటికి ఇరువదేండ్ల యువకుడు. సంస్కృతాంధ్రములతోపాటు ఇంగ్లీషు మొదలగు భాషలు నేర్చినవాడు. శాసనముల ప్రాచీనలిపులను చదువుటలో అతడు చూపిన బుద్ధిసూక్ష్మత మెకంజీని ఆశ్చర్యపరచినది. హైందవ విజ్ఞానద్వారము తనకు తెరచుకొన్నది బొర్రయ్యవలననేయని మెకంజీ తరువాతికాలమున ఒక లేఖలో కృతజ్ఞతతో తెలిపినాడు. 1803లో బొర్రయ్య అకాలమరణము పొందినాడు. ఒక జైనార్చకునినుండి విషయము సేకరించి అతడు ఇంగ్లీషులోనికి తెచ్చిన జైనమతవివరణము 1807లో ఏషియాటిక్ రిసర్చెస్ తొమ్మిదవ సంపుటములో అతని పేరుతోనే ప్రకటితమైనది. అతని భారమును తమ్ముడు లక్ష్మయ్య వహించినాడు. మరియొక సోదరుడు రామస్వామి దక్కను నగరములను గూర్చియు, కవులను గూర్చియు ఇంగ్లీషులో గ్రంథములు రచించి 1828, 1829 సంవత్సరములలో ప్రకటించినాడు.

1799లో శ్రీరంగపట్టణము పతనమైన తరువాత మైసూరు సర్వే మెకంజీకి అప్పగింపబడినది. 1800లో మొదలైన ఆ పని ఇంచుమించు దశాబ్దకాలము సాగి, దాదాపు 40,000 చదరపు మైళ్ళ భూభాగమును ఆక్రమించినది. ఇచ్చటనే అతని పద్ధతి పూర్ణరూపము దాల్చినది. ఒక జట్టు త్రికోణపద్ధతిలో భూమిని కొలుచుచు గ్రామములను, చెరువులను, కోటలను, బాటలను, ఎల్లలను పటముపైకి ఎక్కించుచుండగా, మరొక జట్టు అవే ఊళ్ళలో కరణములను, అర్చకులను, వృద్ధులను కలిసికొని, కవిలెకట్టలను చూచి, శాసనములకు ప్రతులు వ్రాసికొని, గ్రామవృత్తాంతములను సేకరించుచుండెడిది. మనము కైఫియత్తులని పిలుచుకొనునవి ఈ విధముగా పుట్టినవే. ఏ ఊరి రూపము పటముపైకి ఎక్కినదో, ఆ ఊరి కథ కాగితముపైకి ఎక్కినది.

1810లో మెకంజీ మద్రాసు సర్వేయర్ జనరల్ అయినాడు. 1811లో జావా దండయాత్రకు పోయి, రెండేండ్లు అక్కడ ఉండి, ఆ ద్వీపపు పురావస్తువులను కూడ పరిశీలించినాడు. 1815లో యావద్భారతమునకు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమింపబడినాడు. 1816లో, కలకత్తాకు తరలిపోవుటకు ముందు, అమరావతీస్తూపమును మరల పరిశీలింపజేసి శిల్పములకు చిత్రములు వ్రాయించినాడు. ఆ సంవత్సరముననే థామస్ హికీ అను చిత్రకారుడు మెకంజీ రూపచిత్రమును రచించినాడు. అందు ఎర్రకోటు ధరించిన మెకంజీ చెంత ముగ్గురు దేశీయ సహాయకులున్నారు. ఒకని చేత తాళపత్రగ్రంథము, మరొకని చేత దూరదర్శిని. అతని జీవితకార్యమంతయు ఆ రెండు వస్తువులలో ఇమిడియున్నది.

నిజాము రాజ్యపు స్థలాకృతి సర్వే జేమ్స్ గార్లింగ్ అను అధికారి చేతిమీదుగా ప్రారంభమైనదియు 1816లోనే. అది సులభమైన పని కాదు. గార్లింగ్ 1820లో మరణించినాడు. అతని స్థానమున వచ్చిన రాబర్ట్ యంగ్ 1823లో మరణించినాడు. కృష్ణాగోదావరీమధ్యారణ్యములలో ఋతుజ్వరములకు ఎందరో కూలీలు, సిపాయీలు బలియైనారు. 1819లో అక్కడ త్రికోణ సర్వే చేసిన జార్జి ఎవరెస్టు సైతము జ్వరపీడితుడై సెలవుపై గుడ్ హోప్ అగ్రమునకు పోవలసివచ్చినది. మన ఊళ్ళ పేర్లు తొలిసారి పటములకెక్కుటకు చెల్లించిన మూల్యమది.

మెకంజీ 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున దివంగతుడైనాడు. అతని సంచయమును కుంఫిణీ ప్రభుత్వము అతని భార్యనుండి లక్షరూపాయలకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో దాని సూచీగ్రంథమును రెండు సంపుటములుగా ప్రకటించినాడు. లిఖితగ్రంథములు 1,568, స్థానికవృత్తాంతములు 2,070, శాసనప్రతులు 8,076, నాణెములు 6,218 అందు లెక్కింపబడినవి. సంచయము చీలిపోయి కొంత లండనునకు, కొంత మద్రాసునకు చేరినది. లండనులో పడియున్న దక్షిణదేశభాషల గ్రంథములను మద్రాసునకు తెప్పించినవాడు సి. పి. బ్రౌన్. శిథిలమగుచున్న వృత్తాంతములకు అతడు శుద్ధప్రతులు వ్రాయించియుండనిచో నేడు మనకు వాటిలో అనేకములు దక్కెడివి కావు.

ఇక్కడ చెప్పక తప్పని సంగతి మరొకటి కలదు. మెకంజీ మరణానంతరము ఆ సేకరణను తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరినాడు. అప్పటికి అతడు ఈ విద్యలో మూడు దశాబ్దుల అనుభవము గడించినవాడు. మద్రాసు హిందూ లిటరరీ సొసైటీకి అధ్యక్షుడు. అయినను, 1830ల దశాబ్దములో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పక్షమున జేమ్స్ ప్రిన్సెప్ ఆ విన్నపమును పరిశీలించి, అట్టి కార్యమును దేశీయునికి అప్పగించుట తగదని నిర్ణయించినాడు. సమాచారము తెచ్చుటకు పనికివచ్చిన పండితుడు దానిని విచారించి నిర్ణయించుటకు పనికిరాకపోయినాడు. ఆ నిర్ణయముతో సేకరణ ఆగినది. అంతకంటె పెద్ద నష్టము వేరొకటి జరిగినది: పటములు సర్వేశాఖకు, కైఫియత్తులు గ్రంథాలయములకు చేరి, ఒకే ఊరి రూపమును, కథను వేరువేరు గదులలో వెదుకవలసిన స్థితి ఏర్పడినది.

మెకంజీ నిస్స్వార్థముగా విద్యకొరకే ఇదంతయు చేసినాడనుట అతిశయోక్తి. అతడు సైనికోద్యోగి. సేనలు నడచుటకు బాటలు, శిస్తు నిర్ణయించుటకు గ్రామములు కుంఫిణీకి తెలియవలెను. పటముల మొదటి ప్రయోజనమది. కైఫియత్తులు చెప్పినవారు కూడ తమ మిరాసీని, మాన్యములను దృష్టిలో నుంచుకొని చెప్పినవారే. కావున రెండింటిని ప్రమాణాంతరముతో పోల్చిచూడక గ్రహింపరాదు. ఆ ప్రమాణాంతరము శాసనము.

ఓరుగల్లు విషయమున ఈ త్రిపుటి ఎట్లు ఫలించునో చూతము. స్థలాకృతి పటములో కోట ప్రాంతమును పరిశీలించినచో, సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసము గల రాతికోట, దాని చుట్టును సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసము గల మట్టికోట ఏకకేంద్రవలయములుగా గోచరించును. నేలమీద నడచువానికి ఇండ్ల నడుమ, చేల నడుమ మట్టిదిబ్బలుగా తోచునది పటముమీద నగరనిర్మాణ ప్రణాళికగా స్పష్టపడును. 18వ ఉత్తరాక్షాంశము వరంగల్లు కోటకును, వేయిస్తంభముల గుడికిని నడుమనుండి పోవుచున్నది. అందుచేత సర్వే ఆఫ్ ఇండియావారి పటములలో కోట ఒక కాగితముపై (56 ఓ/9), హనుమకొండ దాని పై కాగితముపై (56 ఎన్/12) పడినవి. రెండింటిని అతికించి చూడనిదే కాకతీయుల రెండు రాజధానుల పరస్పరసంబంధము తెలియదు.

ఇక నామము సంగతి. శాసనములలో అనుమకొండ, పటములలో చిరకాలము హనంకొండ, 2021లో జిల్లాకు పెట్టిన పేరు హనుమకొండ. అనుమడు, కొండడు అను ఇద్దరి పేరున ఊరు వెలసినదని స్థానికకథ. పటముమీది పేరును మాత్రమే చూచినవాడు హనుమంతునితో ఆగును. కథను మాత్రమే విన్నవాడు ఆ ఇద్దరితో ఆగును. శాసనము చదివినవానికే పేరు పూర్వరూపము తెలియును. వేయిస్తంభముల గుడిలోని 1163వ సంవత్సరపు రుద్రదేవుని సంస్కృతశాసనము ఆ దేవతలకు మద్దిచెరువుల అను గ్రామము దత్తమైనదని చెప్పుచున్నది. ఇట్టి దత్తగ్రామములను గుర్తించుటకు వ్యాకరణము, ఛందస్సు చాలవు. చెరువును, దాని క్రింది ఆయకట్టును, పొలిమేర గుట్టను పాత పటములో వెదుకవలెను.

పాత పటములోనే అని చెప్పుటకు కారణము కలదు. రైలుమార్గము ఓరుగల్లు మీదుగా 1889 నాటికి బెజవాడవరకు వేయబడినది. 1934లో ఆజంజాహీ మిల్లు వెలసినది. ఊరు రైలువైపు, మిల్లువైపు పెరిగినది. తరువాతి పటములలో కొత్త పేటలు చేరినవి. కొన్ని కుంటలు మాయమైనవి. 2016లో పాత వరంగల్లు జిల్లా విభక్తమై ఎల్లలు మారినవి. పటములను కాలక్రమమున ఒకదానిప్రక్కన ఒకటి పరచి చూచినచో ఏ చెరువు ఏ తరములో పోయినదో నిర్ణయింపవచ్చును.

ప్రాచ్యకళాశాలల విద్యార్థులకు ఈ పని మిక్కిలి తగినది. శాసనభాష వారికి తెలియును. గ్రామములతో వారికి బాంధవ్యము కలదు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క గ్రామమును స్వీకరించి, దాని పాత పటమును, శాసనమును, లభించినచో కైఫియత్తును, లేనిచో వృద్ధుల నోటిమాటను ఒక్కచోట చేర్చినచో లక్ష్మయ్యకు నిరాకరింపబడిన కార్యము తిరిగి ఆరంభమగును. కుంటల పేర్లు, గుట్టల పేర్లు, పొలిమేర రాళ్ళ పేర్లు ఎరిగిన పెద్దలు ఇంకను ఊళ్ళలో ఉన్నారు. ముందుగా వారి యొద్దకు పోవలెను. పటము, శాసనము కొంతకాలము వేచియుండగలవు.