ఆచార్య జగదీశ చంద్ర బోసు

సుల్తానాబాదులోని మా పాఠశాలయందు గడచిన వేసవి సెలవులలో గదుల పైకప్పులకు తెల్లని గుండ్రని పెట్టెలు కొన్ని బిగింపబడినవి. పాఠశాల తెరచిన నాడు క్రింది తరగతుల పిల్లలు వానిని చూచి, దీపములని కొందరును, పొగను కనిపెట్టు యంత్రములని కొందరును వాదించుకొనిరి. అవి వై-ఫై యాక్సెస్ పాయింట్లనియు, కంప్యూటరు గదిలోని యంత్రములకును ఉపాధ్యాయుల చేతిఫోనులకును తీగె లేకయే ఇంటర్నెట్టును అందించుననియు మేము చెప్పితిమి. అంతట పదవ తరగతి బాలుడొకడు, తీగె లేక వార్త పంపవచ్చునని మొట్టమొదట చూపినది మార్కోనీయే కదా యని యడిగెను. నాడు గంట కొట్టుటచే తరగతిలో చెప్పజాలకపోయిన సమాధానమును ఇక్కడ వ్రాయుచున్నాము. మార్కోనీ గొప్పవాడే, సందేహము లేదు. కాని ఆ పెట్టెలలో నేడు పనిచేయుచున్న పొట్టి తరంగముల జాతిని చేతబట్టి, వంచి, కొలిచి, వాని నడవడిని లోకమునకు తెలిపినవారిలో అగ్రగణ్యుడు కలకత్తాలోని ఒక కళాశాలలో పాఠములు చెప్పుకొనుచుండిన మన దేశస్థుడు.

జగదీశ చంద్ర బోసు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశమున చేరియున్న మైమన్‌సింగునందు జన్మించెను. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ కాలమున అట్టి యుద్యోగుల బిడ్డలు ఇంగ్లీషు బడులకు పోవుట మర్యాదగా నుండెను. ఈ తండ్రి మాత్రము కుమారుని మాతృభాషలో చదువు చెప్పు పల్లెబడికి పంపెను. అచ్చట ఒక ప్రక్క తండ్రిగారి బంట్రోతు కుమారుడును, వేరొక ప్రక్క జాలరి కుమారుడును కూర్చుండెడివారు. పక్షులను గూర్చియు, నదిలోని జలచరములను గూర్చియు వారు చెప్పు కథలను బాలుడు నోరు తెరచి వినెడివాడు. ప్రకృతిని పరిశీలింపవలెనను కోరిక తనకు ఆ కథలవలననే కలిగినదని ఆయన పెద్దవాడైన పిమ్మట సభలలో చెప్పుకొనెను.

తరువాత కలకత్తాలో సెయింట్ జేవియర్స్ విద్యాసంస్థలయందు చదివెను. అచ్చట ఫాదర్ లాఫోన్ అను బెల్జియము దేశపు ఆచార్యుడు పరికరములను బల్లమీద పెట్టి, ప్రయోగము చేసి చూపి భౌతికశాస్త్రము బోధించెడివాడు. కన్నుల యెదుట జరిగిన దానిని విద్యార్థి మరచునా? 1880లో బోసు వైద్యవిద్యకై ఇంగ్లండునకు పోయెను. జ్వరము విడువకుండుటచే దానిని మాని, కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రములు చదివెను. రేలీ ప్రభువు అచ్చట ఆయన గురువులలో నొకడు. 1885లో స్వదేశమునకు వచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా చేరెను.

చేరినప్పుడే చిక్కు వచ్చెను. ఐరోపావారికి ఇచ్చు జీతములో మూడింట రెండు వంతులు మాత్రమే ఆ పనికి భారతీయునికి ఇచ్చుట ఆనాటి విధి. బోసుది తాత్కాలికోద్యోగము గావున అదియు తగ్గినది. ఆయన వాదింపలేదు, పని మానలేదు. జీతమును మాత్రము ముట్టనని చెప్పి మూడు సంవత్సరములు ఊరక పాఠము చెప్పెను. ఇంట కలిమి యున్నవాడు చేసిన పంతము కాదిది. తండ్రి పరోపకారమునకై పెట్టిన వ్యాపారములలో అప్పులపాలై యుండెను. 1887లో బోసు అబలాదేవిని వివాహమాడెను. కలకత్తాలో అద్దె భరింపలేక ఆ దంపతులు నదికి ఆవల చందన్నగరమున కాపురముండిరి. భర్త తెడ్డువేయుచు నది దాటి కళాశాలకు పోగా, ఆ యిల్లాలు ఒంటరిగా పడవను త్రిప్పి తెచ్చుకొని సాయంకాలము మరల పోయి ఆయనను తోడ్కొని వచ్చెడిదట. తుదకు ప్రభుత్వమువారే దిగివచ్చి, చేరిననాటినుండి లెక్కగట్టి పూర్తిజీతమును ఒక్కమారుగా చెల్లించిరి.

ఇక శాస్త్రమునకు వత్తము. విద్యుత్తునకును అయస్కాంతమునకును సంబంధించిన తరంగములు వెలుతురుతో సమానమైన వేగమున పోవలెనని మాక్స్‌వెల్ లెక్కలచే చూపెను. 1887-88లో హెర్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వానిని ప్రయోగమున పుట్టించెను. 1894లో ఆయన చిన్నవయసుననే చనిపోగా, ఆలివర్ లాడ్జి ఆయన కృషిని వివరించుచు చేసిన యుపన్యాసము పుస్తకముగా వెలువడెను. అది బోసు చేతిలో పడెను. హెర్ట్జ్ తరంగములు మీటర్ల పొడవుగలవి. వానిని వెలుతురువలె వంచి చూపవలెనన్న గదియంత పరికరములు కావలెను. బోసుకు ఉన్నదంతయు 24 చదరపు అడుగుల చిన్నగది. తరంగము పొట్టిదైన పరికరమును పొట్టిదగును గదా యని ఆయన యూహించెను. 1894 నవంబరు 30న, తన ముప్పదియారవ జన్మదినమున, పరిశోధనకు అంకితమగుదునని నిశ్చయించుకొని, శాస్త్రమెరుగని ఒక రేకుపనివాని తోడుతీసికొని పనికి కూర్చుండెను. ఏడాది తిరుగకముందే 5 మిల్లీమీటర్ల తరంగమువరకు పుట్టింపగలిగెను. సెకనుకు 6,000 కోట్ల కంపనములన్నమాట.

ఈ లెక్క మా పెట్టెలకు ఎంత దగ్గరదో విద్యార్థులు గమనింతురు గాక. వై-ఫై సామాన్యముగా వాడు తరంగములలో ఒక తెగ సెకనుకు 240 కోట్ల కంపనములు గలది. దాని పొడవు పండ్రెండున్నర సెంటీమీటర్లు. వేరొక తెగ 500 కోట్ల పైచిలుకు కంపనములది; పొడవు ఆరు సెంటీమీటర్లకు లోపు. రెండును హెర్ట్జ్ తరంగములకంటె బోసు తరంగములకే చుట్టములు.

1895లో కలకత్తా టౌనుహాలునందు బోసు తన ప్రయోగమును జనులకు చూపెను. వంగరాష్ట్రపు లెఫ్టినెంటు గవర్నరు మెకెంజీ దొర సభకు వచ్చియుండెను. ఒక గదిలో పుట్టిన తరంగము ఆ దొర దేహమును, నడుమనున్న గోడలను దాటి 75 అడుగుల దూరమున గంటను మ్రోగించెననియు, తుపాకిమందును పేల్చెననియు జీవితచరిత్రకారులు వ్రాసియున్నారు. చూచినవారికి అది ఇంద్రజాలమువలె నుండియుండును. బోసుకు మాత్రము అంతటితో తృప్తి కలుగలేదు. ఏ వస్తువు తరంగమును పోనిచ్చును, ఏది ఆపును, ఏది వంచును అని యొక్కొక్కదానినే పరీక్షించెను. తన తరంగము చెదరి పరీక్షను చెరుపకుండునట్లు, దానిని పుట్టించు పనిముట్టును రేకుపెట్టెలో మూసి, ఒక్క గొట్టముగుండ మాత్రమే వెలికి వచ్చునట్లు చేసెను.

మేమును పెట్టెలను ఎచ్చట బిగింపవలెనో తేల్చుకొనుటకు గదిగదికి తిరిగితిమి. మా పాతభవనపు గోడలు మూరెడు మందము. మొదట ఒక పెట్టెను నడవలో పెట్టిన చాలుననుకొంటిమి. ఖాళీ గదులలో అంతయు బాగుగనే యుండెను. తరగతులు నిండిన పిమ్మట చూడగా వెనుకబెంచీలవారికి అందలేదు. మనుష్యదేహమున నీరెక్కువ, నీరు ఈ తరంగములను మ్రింగును. కావున పరీక్షను సెలవులలోగాక పిల్లలు కూర్చున్నప్పుడే చేయవలెనని తెలిసికొంటిమి. ఇనుపబీరువాల వెనుకను, రేకులషెడ్డు క్రిందను ఎట్లుండునో బోసు రేకుపెట్టెయే చెప్పుచున్నది. పెట్టె శక్తిని పెంచిన చాలునని సలహా చెప్పినవారును కలరు. అది పొరపాటు. పెట్టె కేకవేసినను ఫోను గొంతు చిన్నదేకదా. అది బదులు చెప్పిన మాట పెట్టెకు వినబడవలెను. పైగా 240 కోట్ల తెగలో ఒకదానితో నొకటి కలియబడని దారులు మూడే: 1, 6, 11. ప్రక్కప్రక్క గదులలోని పెట్టెలు ఒకే దారిన గట్టిగా మాటలాడిన, సంతలో బేరమువలె ఎవ్వరిమాట ఎవ్వరికిని తెలియదు.

బోసు పరికరములలో మాకు మిక్కిలి ప్రియమైనది ఒక పుస్తకము. రైలుబండ్ల రాకపోకలు తెలుపు బ్రాడ్‌షా పుస్తకమును ఆయన తరంగమునకు అడ్డుపెట్టెను. ఒక విధముగా పట్టిన తరంగము పుటల నడుమనుండి దూరిపోయెను. పుస్తకమును ప్రక్కకు త్రిప్పగా ఆగిపోయెను. జనుపనారను మెలిపెట్టి, ఆ మెలికవలన తరంగము కంపించు దిక్కు మారుటయు చూపెను. తరంగమునకు నిలువు, అడ్డము అనునవి కలవని దీనివలన తేలినది. పైకప్పునకు బిగించుటకై చేసిన పెట్టె గొడుగువలె క్రిందికిని ప్రక్కలకును తరంగములను పరచును. దానినే గోడకు తగిలించినచో ఆ గొడుగు ప్రక్కకు వాలి, మన గదికి గాక పైయంతస్తునకును ప్రక్క వీథికిని సేవ చేయును. మేస్త్రీ సులువుకొరకు గోడకు కొట్టబోగా మేము ఆపితిమి.

తరంగమును పుట్టించుట యొకయెత్తు, పట్టుకొనుట యొకయెత్తు. అంతకుముందు వాడిన గాజుగొట్టములో లోహపుపొడి యుండెడిది. తరంగము తగిలినప్పుడు అది అంటుకొనిపోగా, దానిని తట్టి విదల్చినగాని రెండవ వార్త తెలియదు. బోసు దానికి మారుగా ఉక్కుచుట్టలను, పిదప ఇనుమును పాదరసమును చేర్చి తనంతట తాను తేరుకొను గ్రాహకమును చేసి, 1899లో లండను రాయల్ సొసైటీకి దాని వర్ణనమును పంపెను. 1901 డిసెంబరు 12న అట్లాంటిక్ సముద్రముమీదుగా వచ్చిన సంకేతమును మార్కోనీ పాదరసముగల గ్రాహకముతోనే వినెను. అది బోసు వర్ణించినదానికి సన్నిహితమైనదని శాస్త్రచరిత్రకారులు చిరకాలమునకు పిమ్మట చూపిరి.

ఇక్కడ ఒక మాట దాచక చెప్పవలెను. 1901లో బోసు ఇంగ్లండుననుండగా ఒక వర్తకసంస్థవారు ఆయన గ్రాహకమునకు పేటెంటు తీసికొని లాభములో పాలిత్తుమని వెంటబడిరి. ఆయన నిరాకరించెను. జ్ఞానము అమ్మకపుసరకు కారాదని ఆయన నమ్మకము. సోదరి నివేదితయు, సారా బుల్ అను అమెరికా దేశపు స్త్రీయు మిక్కిలి పోరగా గెలీనా స్ఫటికముతో చేసిన గ్రాహకమునకు మాత్రము అమెరికాలో దరఖాస్తు పెట్టెను. 1904 మార్చి 29న పేటెంటు లభించెను. లభించినదానిని ఆయన వాడుకొనక గడువు చెల్లనిచ్చెను. ఆయన నిర్ణయమును మేము పూర్తిగా మెచ్చుకొనజాలము. హక్కును తనపేర నుంచుకొని లోకమునకు ఉచితముగా ఇచ్చియుండవచ్చును. అట్లు చేసినచో పేరైనను నిలిచియుండును.

మేమిట్లు తలచుటకు మాకు తగిలిన దెబ్బయే కారణము. ఇప్పటి పెట్టెలకు ముందు మాకు వేరు పెట్టెలుండెను. అవియు క్లౌడుచే నడుపబడునవియే. అనగా వాని అమరికలు పాఠశాలలోని యంత్రమునగాక దూరదేశపు కంప్యూటరుశాలలో నుండును. పెట్టె కన్ను తెరువగనే ఇంటర్నెట్టుద్వారా అచ్చటికి పోయి, తన పేరేమి, దారి యేది, ఎవ్వరిని రానీయవలెను అని యడిగి తెలిసికొనును. ఏర్పాటు మంచిదే, పదిచోట్ల పెట్టెలను ఒక్కచోట కూర్చుండి సరిదిద్దవచ్చును. కాని వానిని బిగించినవాడు ఖాతాను తనపేర తెరచి, కొంతకాలమునకు ఆ వృత్తియే మానివేసెను. తాళపుమాట ఎవ్వరికిని తెలియదు. పెట్టెలు చివర నేర్చిన పాఠమునే వల్లించుచు పనిచేయుచుండెను గాని రహస్యపదమును మార్చుటకు వీలులేకపోయెను. చదువు ముగించి పోయిన ప్రతి విద్యార్థియు దానిని వెంటగొనిపోయెను. వీథిలో నిలిచి వాడుకొనువారును బయలుదేరిరి. తల్లిదండ్రులును పూర్వవిద్యార్థులును చందాలు వేసి కొన్న వస్తువులు మావే, పెత్తనము మాత్రము మాది కాదు.

ఈ పర్యాయము కొనుటకు ముందు అమ్మువారిని గట్టిగా ప్రశ్నించితిమి. కొన్ని తయారీదారుల పెట్టెలకు ఏటేట రుసుము చెల్లింపవలెను. చెల్లింపనియెడల అమరికలు మార్చుట ఆగిపోవును, కొన్నిటిలో పెట్టెయే మూగపోవును. మరికొన్నిటికి రుసుము లేదు. పెట్టె ధర తక్కువయని సంతోషించిన తరువాత ఐదేండ్ల రుసుమును కూడి చూడగా అదియే ఎక్కువ ఖరీదైనదిగా తేలినది. మేము రుసుము లేనిదానిని, అవసరమైనచో క్లౌడును విడిచి పాఠశాలలోని కంప్యూటరుచేతనే నడుపదగినదానిని ఎన్నుకొంటిమి. సొగసులు కొన్ని తక్కువే. ఇంటర్నెట్టు తెగిపోయినప్పుడు సైతము ముద్రణయంత్రము, గ్రంథాలయపు పట్టిక గదులనుండి అందుచునేయుండును.

బోసు తరువాతి జీవితము చాలమందికి తెలిసినదే గనుక సంగ్రహించెదము. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనున ఉపన్యసించి పెద్దలచే మన్ననలందెను. లోహములు అలసటచెందు తీరును చూచి, ప్రాణమున్నవానికిని లేనివానికిని గల పోలికలవైపు మరలి, చెట్ల స్పందనములను కొలుచు క్రెస్కోగ్రాఫు మొదలగు సున్నితపు యంత్రములను నిర్మించెను. ఆ సిద్ధాంతములలో కొన్నిటిని ఆనాటి శరీరశాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. 1917 నవంబరు 30న తన జన్మదినముననే కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించెను. 1920లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. హైదరాబాదులో 1935 నాటికి దక్కను రేడియో నిజాము ప్రభుత్వపక్షమున వినిపించుచుండెను; తీగెలేని వార్త మన సీమకు చేరుటను ఆయన బ్రదికియుండగనే లోకము చూచినది. 1937 నవంబరు 23న గిరిడీలో కాలధర్మము చెందెను. వారము దినములు జీవించియుండిన డెబ్బదితొమ్మిది నిండియుండెడివి.

వై-ఫై నియమములను నిర్ణయించునది ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ సంస్థ. ఆ సంస్థవారే 2012లో, బోసు ప్రయోగములు చేసిన ప్రెసిడెన్సీ కళాశాలలో ఆయన మిల్లీమీటరు తరంగముల కృషికి జ్ఞాపకఫలకమును నిలిపిరి. ఆ సంవత్సరముననే సెకనుకు 6,000 కోట్ల కంపనముల తెగను వై-ఫైకి వాడు నియమమును కూడ ఆమోదించిరి. ఆ తెగ మా పెట్టెలలో లేదు. అది మా మూరెడు గోడలను దాటలేదు. ఖాతా ఈసారి పాఠశాల పేరనే కలదు. తాళపుమాటను ముద్రవేసిన కవరులో ఉంచి ప్రధానోపాధ్యాయుల బీరువాలో, హాజరుపట్టీల ప్రక్కన, భద్రపరచితిమి.