తలకు కుట్లున్న డిఫెండర్‌ను స్ట్రైకర్‌గా ఆడించిన రహీం సాబ్

1962, జకార్తా. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మొదటి మ్యాచ్‌లోనే ఇండియా 0-2తో దక్షిణ కొరియా చేతిలో ఓడిపోయింది. తర్వాత థాయ్‌లాండ్‌పై 4-1తో గెలిచింది కానీ, డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి జర్నైల్ సింగ్‌కు ఆ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. అప్పుడు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీసుకున్న నిర్ణయం మన ఫుట్‌బాల్ చరిత్రలో నిలిచిపోయింది.

రహీం సాబ్ పక్కా హైదరాబాదీ. 1909లో పుట్టారు. వృత్తి టీచర్. అందుకేనేమో, ఆటగాళ్లను కూడా క్లాసులో పిల్లల్ని గమనించినట్టే గమనించేవారు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లో ఢిల్లీలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో ఆయన శిక్షణలోని ఇండియా, మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌ను ఓడించి గోల్డ్ తెచ్చింది.

దెబ్బలూ తగిలాయి. 1952 ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తుగా ఓడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో కథ మారింది. ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా ఆస్ట్రేలియాపై మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. ఆ మ్యాచ్ 4-2తో గెలిచి ఇండియా సెమీస్ చేరింది, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

స్ట్రైకర్ అంటే ఎన్ని గోల్స్ కొట్టాడన్నదే చాలామంది చూస్తారు. పక్కనున్న వాళ్లతో అతను ఎలా కలుస్తాడన్నది కూడా చూడాలి. జకార్తాలో రహీం సాబ్ దగ్గర కుడి వైపు పీకే బెనర్జీ, లోపల చునీ గోస్వామి, ఎడమ వైపు మన సికింద్రాబాద్ బలరామ్ ఉన్నారు. ముగ్గురూ నేర్పరులే. మధ్యలో ప్రత్యర్థి డిఫెండర్లను ఢీకొట్టి నిలబడే బలమైన మనిషే కావాలి.

కుట్లున్న తలతో జర్నైల్‌ను డిఫెన్స్‌లో పెట్టడం రిస్కు, బయట కూర్చోబెట్టడం నష్టం. కాలేజీ రోజుల్లో అతను ఫార్వర్డ్‌గా ఆడినవాడే. అందుకే సెమీస్‌లో రహీం సాబ్ అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. ఫలించకపోతే నింద మొత్తం కోచ్ మీదే పడేది. దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ కొట్టాడు, ఇండియా 3-2తో గెలిచింది.

సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే దక్షిణ కొరియా. స్టేడియమంతా ఇండియాకు వ్యతిరేకంగా అరుస్తోంది. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, మూడు నిమిషాలకే జర్నైల్ గోల్ చేశారు. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చినా, 2-1తో గోల్డ్ ఇండియాదే.

ఆ తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో ఇంతెకాల్ అయ్యారు. వయసు 53 ఏళ్లే. ఆయన కథతో 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాకే చాలా ఇళ్లలో పిల్లలకు ఆయన పేరు తెలిసింది. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇండియాకు ఆ తర్వాత ఇప్పటిదాకా మరో గోల్డ్ రాలేదు.