అడ్మిరలు కెప్పెలు

లండను నగరమునకు జేరిన గ్రీనిచ్ నందలి నౌకావస్తు ప్రదర్శనశాలలో నొక తైలవర్ణచిత్రము కలదు. నిలువెత్తును మించిన యా పటమున, గాలివాన చెలరేగిన సముద్రతీరమందు ఒక యువ నావికాధికారి చేయి చాచి ముందునకు నడచుచున్నాడు. అతడే ఆగస్టసు కెప్పెలు. వ్రాసినవాడు ప్రసిద్ధ చిత్రకారుడగు రెనాల్డ్సు, కాలము 1752–53.

కెప్పెలు 1725లో ప్రభువంశమున జన్మించి, పదియవ యేటనే నౌకాసేనలో జేరెను. మన బాలురలో ఆ యీడువారు ప్రాథమిక తరగతులనే దాటియుండరు. ఆన్సను దొర నాయకత్వమున భూప్రదక్షిణము చేసి 1744లో ఇల్లు చేరెను. 1747లో మెయిడ్‌స్టను అను నోడకు అధిపతియై, ఫ్రెంచి యోడనొకదానిని తరుముచు తీరమునకు మితిమీరి సమీపింపగా, ఓడ నేలతగిలి నాశనమయ్యెను. అతడు శత్రువులకు బందీయయ్యెను. ఓడను పోగొట్టిన యధిపతి విచారణకు నిలువవలయుట యా సేనలో నియమము. విచారించినవారు అతనిని నిర్దోషిగా విడిచిరి. పటమందలి తుపాను ఆ యాపదనే స్ఫురింపజేయుచున్నది. 1749లో కెప్పెలు రెనాల్డ్సును తన యోడపై మధ్యధరా సముద్రమునకు గొనిపోయెను. అందువలననే ఆ చిత్రకారునకు ఇటలీ జేరి పూర్వుల చిత్రములను చూచి నేర్చు నవకాశము కలిగెను.

ఇక పటమున గానరాని సంగతి యొకటి మాకు ముఖ్యముగా తోచుచున్నది. మినోర్కా దీవిని రక్షించుటకు శక్తికొలది యత్నింపలేదని అడ్మిరలు బింగునకు మరణదండన విధించిన న్యాయాధిపతులలో కెప్పెలొకడు. బింగు పిరికివాడు కాడని వారే యొప్పుకొనిరి; చట్టము మాత్రము వేరు శిక్షకు తావీయలేదు. కెప్పెలు మనసు కుదుటపడక, తమ యాలోచనలను వెల్లడింప ననుమతి కోరి పార్లమెంటున యత్నించెను. కామన్సు సభ యంగీకరించెను. ప్రభువుల సభ త్రోసివేసెను. 1757 మార్చి 14న బింగును తుపాకులతో గాల్చి చంపిరి.

1778లో ఉషాంతు చెంత జరిగిన యుద్ధమున ఫ్రెంచి నౌకలు తప్పించుకొనిపోయెను. క్రిందియధికారియగు పాలిసరు నేరము మోపగా, నాడు తీర్పు చెప్పినవాడే ప్రాణాపాయముగల విచారణకు ముద్దాయియై నిలిచెను. ఐదు వారములు విచారణ సాగెను. 1779 ఫిబ్రవరి 11న నేరారోపణ ద్వేషముచే గలిగినదని తేల్చి విడిచిరి. లండను ప్రజలు దీపములు వెలిగించిరి; కొందరు పాలిసరు నింటిపై బడి పాడుచేసిరి. ఆ యల్లరిని మేము మెచ్చజాలము.

ఆ యేటనే రెనాల్డ్సు అతని ముఖమును మరల చిత్రించెను. ఇప్పుడది వయసు మీరిన ముఖము. తన పక్షమున వాదించిన న్యాయవాదులకు ఆ పటములను కానుకగా నిచ్చి, కెప్పెలు 1786 అక్టోబరు 2న మరణించెను.