దామోదరం సంజీవయ్య

కర్నూలు జిల్లా పశ్చిమ భాగం వానను నమ్ముకొని బ్రతికే నేల. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు ప్రాంతాలలో నల్లరేగడి ఉంది. ప్రత్తి, జొన్న, వేరుశనగ పండించగల రైతు ఉన్నాడు. లేనిదల్లా అదనుకు కురిసే వాన. వాన తప్పిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె సర్దుకొని గుంటూరు మిరప చేలకు కూలికి తరలిపోతాయి. దానిని అక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. హొళగుంద మండలంలోని దేవరగట్టు కొండ ఈ ప్రాంతంలోనిదే. విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో భక్తులు కర్రలతో తలపడే దృశ్యం పత్రికల పుణ్యమా అని అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల ఊళ్ల దాహం సంగతి మాత్రం అంతగా తెలియదు.

ఇటువంటి ప్రాంతపు గోడు ప్రభుత్వం చెవిని చేరవలసిన రాజమార్గం శాసనసభ. ఊరివారు అర్జీ వ్రాసుకొంటారు. దానిని శాసనసభ్యుడు ప్రశ్నగా మారుస్తాడు. ప్రశ్నకు నక్షత్రపు గుర్తు ఉంటే సంబంధిత మంత్రి సభలో లేచి నోటితో సమాధానం చెప్పాలి. ఆ సమాధానం చాలకపోతే సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేస్తారు. ఈ ప్రయాణంలో ఊరి గోడు మెట్టుమెట్టుకూ సన్నబడిపోతుంది. ఏడుపు వాక్యమవుతుంది, వాక్యం అంకె అవుతుంది, అంకె దస్త్రంలో చేరుతుంది. చివరన ఉన్న మంత్రికి ఆ అంకె వెనుక ఉన్న మనిషి కనిపించాలంటే, ఆ మంత్రి ఎప్పుడో ఒకప్పుడు ఆ మనిషిగా బ్రతికి ఉండాలి. ఎమ్మిగనూరు నుంచి తొలిసారి శాసనసభకు వెళ్లిన దామోదరం సంజీవయ్య అటువంటి మంత్రి.

ఆయన 1921 ఫిబ్రవరి 14న కర్నూలు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి సుంకులమ్మ. పురిటికందు కన్ను తెరచి లోకాన్ని చూడకముందే తండ్రి మునెయ్య కన్నుమూశారు. సెంటు భూమి లేని ఇల్లు. నేతపని, కూలిపని వారి జీవనాధారాలు. సుంకులమ్మ పిల్లలతో తన సోదరుని ఊరైన పాలకుర్తికి చేరుకొన్నారు. అక్కడ సంజీవయ్య పశువులను కాశారు. కొన్నేళ్ల తరువాత కుటుంబం పెద్దపాడుకు తిరిగి రాగా, అన్న చిన్నయ్య ఆయనను బడిలో వేశారు. తాను కూలి చేసి తమ్ముణ్ణి చదివించిన ఆ అన్నగారి పేరు చరిత్ర పుస్తకాలలో ఒకటి రెండు పంక్తులకు మించి కనబడదు. నిజానికి సంజీవయ్య జీవితంలోని తొలి ప్రభుత్వం ఆ ఇల్లే అనాలి. ఉన్న కొద్దిపాటి దానిని ఎవరికి ముందు ఇవ్వాలో అది నిర్ణయించింది.

కర్నూలు పురపాలక ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, ఆయన అనంతపురం దత్తమండల కళాశాలలో గణితం ప్రధానంగా పట్టభద్రులయ్యారు. నాటి పేద విద్యార్థికి పట్టా చేతికి రావడం ఒక ఎత్తు, పని దొరకడం మరొక ఎత్తు. రెండవ ప్రపంచ యుద్ధకాలం అది. కర్నూలు రేషనింగు కార్యాలయంలో తాత్కాలిక గుమాస్తాగాను, బళ్లారిలో కేంద్ర ప్రజాపనుల శాఖలో చిన్న ఉద్యోగిగాను పనిచేశారు. రేషనింగు కార్యాలయపు గుమాస్తా బల్లకు ఇవతల తిండిగింజల చీటీ కోసం నిలబడే వరుస ఎప్పుడూ ఉంటుంది. ఆ వరుసలో తనవారే ఉండగా బల్లకు అవతల కూర్చొని కాగితాలు చూడవలసిరావడం ఒక విద్య. ఏ కళాశాలలోనూ అది బోధించరు. తరువాత మద్రాసు న్యాయ కళాశాలలో చేరి, ఖర్చులకోసం పాఠశాలలో గణితం చెబుతూ, 1948లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే సంవత్సరం తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం లభించింది.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఎమ్మిగనూరు ద్విసభ్య నియోజకవర్గం నుంచి ఆయన మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు. ద్విసభ్య నియోజకవర్గమంటే ఈనాటి విద్యార్థులకు కొత్తగా తోచవచ్చు. ఒకే ప్రాంతం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు. అందులో ఒక స్థానం షెడ్యూల్డు కులాలకు ప్రత్యేకించబడేది. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లుండేవి. 1961లో ఈ పద్ధతి రద్దయింది. దీనిలో ఒక విశేషం ఉంది. ప్రత్యేక స్థానానికి నిలబడిన అభ్యర్థి కూడా అన్ని కులాల వాకిళ్ల ముందూ నిలబడి ఓటు అడగవలసిందే. కొన్ని వాకిళ్లు దాటి లోపలికి రానివ్వని రోజులలో ఆ అడగడంలోని కష్టాన్ని ఊహించుకోవచ్చు.

అప్పటికి ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. ఆదోని తాలూకాలోని ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడిన ఊరు. మాచాని సోమప్ప కృషితో 1938లో అక్కడ నేత కార్మికుల సహకార సంఘం ఏర్పడి, మగ్గం మీద ఆధారపడిన ఇళ్లకు నూలు, పని, కూలి దొరికే దారి చూపింది. సంజీవయ్యను రాజాజీ తమ మంత్రివర్గంలోనికి తీసుకొని అప్పగించినవి సహకార, గృహనిర్మాణ శాఖలే. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. నేతపని ఎరిగిన ఇంటి బిడ్డ, నేతగాళ్ల ఊరి ప్రతినిధి, సహకార శాఖకు మంత్రి కావడం కాకతాళీయమే కావచ్చు. అయినా ఆ శాఖకు చేరే అర్జీలను చదవడానికి అంతకంటే తగిన కన్నులు దొరకవు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. కర్నూలు రాజధాని అయింది. భవనాలు చాలక గుడారాలలో కార్యాలయాలు నడిచాయి. పశువులు కాసిన పెద్దపాడు బాలుడు తన ఊరి ప్రక్కనే కొలువుతీరిన ప్రభుత్వంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గ సభ్యుడయ్యారు. 1954లో ఆయనకు ఉపాధ్యాయురాలైన కృష్ణవేణితో వివాహం జరిగింది. ఆ తరువాత బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి మంత్రివర్గాలలోనూ పనిచేశారు.

నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులుగా వెళ్లడంతో 1960 జనవరి 11న సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని స్వీకరించారు. ముప్పైతొమ్మిదేళ్లు ఇంకా నిండలేదు. భారతదేశంలో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడాయన. పార్టీలోని బలమైన వర్గాల నడుమ, సొంత వర్గమంటూ లేని మనిషి ఆ కుర్చీలో నిలవడం కత్తిమీద సాము. ఆయన నిలిచింది రెండేళ్ల రెండు నెలలు. అంత తక్కువ వ్యవధిలో ఆయన చేసిన పనులను చూస్తే, దేనిని ముందుగా పట్టుకోవాలో ముందే ఎరిగిన తొందర కనిపిస్తుంది. భూమి లేని పేదలకు లక్షల ఎకరాల బంజరు భూములను పంచారు. అవినీతిని అరికట్టడానికి 1961 జనవరిలో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది. దిక్కులేని వృద్ధులకు పింఛను ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఆయన కాలంలోనే మొదలైంది.

ఈ పింఛను గురించి ఒక ముచ్చట కర్నూలు ప్రాంతంలో చెప్పుకొంటారు. ముఖ్యమంత్రి అయిన కుమారుడు పెద్దపాడుకు వెళ్లినప్పుడు తల్లి కట్టెల పొయ్యి ముందు మట్టికుండలో వండుతూ ఉన్నదట. ఆయన కొంత సొమ్ము చేతిలో పెట్టగా, ముఖ్యమంత్రి కొడుకున్న తన సంగతి సరే, కొడుకులు లేని ముసలివారి గతి ఏమిటని ఆమె అడిగిందట. ఆ ప్రశ్నే పింఛనుకు మూలమైందంటారు. చెప్పేవారి నోట ఇది కొంత పెరిగి ఉండవచ్చు. అయినా జనం ఈ కథను ఇలాగే ఎందుకు కట్టుకొన్నారో గమనించదగ్గది. మన ప్రాచీన కావ్యాలలో, జానపద గాథలలో ప్రజల బాధ తెలుసుకోవడానికి రాజు మారువేషం వేసుకొని రాత్రివేళ వీధులు తిరుగుతాడు. ఇక్కడ మారువేషం అక్కరలేకపోయింది. ప్రశ్నవేసిన సభ్యురాలు వంటింట్లోనే ఉంది. ఆమెకు నక్షత్రపు గుర్తూ అవసరం లేదు, సభాపతి అనుమతీ అవసరం లేదు.

1962 మార్చిలో నీలం సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. సంజీవయ్య అదే సంవత్సరం అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిని అలంకరించిన తొలి దళితుడు కూడా ఆయనే. 1964లో లాల్‌బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో కేంద్ర కార్మిక శాఖ లభించింది. ఆ శాఖలో ఆయన పేరుతో ముడిపడినది 1965 నాటి బోనసు చెల్లింపు చట్టం. అంతకుముందు బోనసు యజమాని దయ మీదనో, న్యాయస్థానాల తీర్పు మీదనో ఆధారపడేది. ఈ చట్టం, సంస్థకు లాభం వచ్చినా రాకపోయినా, తన పరిధిలోని కార్మికుని సంవత్సరపు జీతంలో కనీసం 4 శాతం బోనసుగా చెల్లించాలని విధించింది. యజమానిని బ్రతిమాలి తెచ్చుకొనేది చట్టం ప్రకారం అడిగి తీసుకొనేదిగా మారింది. ఆయన పదవులన్నింటిలోనూ నాకు గొప్పగా తోచేది ఈ మార్పే. దానం పొందినవాడు తలవంచుకొని వెళ్తాడు. హక్కు పొందినవాడు లెక్క చూసుకొని వెళ్తాడు.

1970లో మరొకసారి కార్మికశాఖను నిర్వహించి, 1971లో మళ్లీ కాంగ్రెసు అధ్యక్షులైన సంజీవయ్య, ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో ఢిల్లీలో గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు మాత్రమే. ఇరవై రెండేళ్లు ఉన్నత పదవులలో మెలగిన ఆయన ఆస్తి కూడబెట్టలేదు.

హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఒక ఉద్యానవనానికి, విశాఖపట్టణంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2008లో తపాలా బిళ్ల వెలువడింది. తొలి ఓటు వేసి పంపిన ఎమ్మిగనూరుకు దగ్గరలో, గోనెగండ్ల మండలంలో, హంద్రీ నదిపై కట్టిన గాజులదిన్నె జలాశయాన్ని కూడా సంజీవయ్య సాగరమని పిలుస్తారు. దాని నీరు పొలాలకూ పారుతుంది, ఊళ్ల త్రాగునీటి కుళాయిలకూ చేరుతుంది.